ఊపిరి మిషన్ మధ్యలో ఆగకూడదు: పోర్టబుల్ నెబ్యులైజర్ బ్యాటరీ ఎక్కువకాలం నిలవాలంటే

మే నెల, రాత్రి పదకొండున్నర. హైదరాబాద్ చైతన్యపురిలో గాలివాన మొదలై కరెంటు పోయింది. వానకు ముందు లేచిన దుమ్ముకు అమ్మకు ఆయాసం అందుకుంది. అలమరాలోంచి చేతి నెబ్యులైజర్ (మందును సన్నటి తుంపరగా చేసి పీల్పించే మిషన్) తీసి, మందు పోసి, మాస్క్ పెట్టాను. ఐదారు నిమిషాలు పొగ బాగానే వచ్చింది. తర్వాత సన్నబడింది. ఎర్ర లైటు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. "ఒరేయ్, ఆగిపోయిందిరా" అంది అమ్మ మాస్క్ పక్కకు జరిపి. కప్పు పైకెత్తి ఫోన్ లైటులో చూస్తే సగం మందు అలాగే ఉంది.

ఇంట్లో ఇన్‌హేలర్, స్పేసర్ (దానికి తగిలించే గొట్టం) ఉండబట్టి ఆ రాత్రి గట్టెక్కాం. ఆ టెన్షన్ మాత్రం నేను మర్చిపోలేదు. మర్నాడు మిషన్ పట్టుకుని ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు వెళ్లాను, బ్యాటరీ మార్పిద్దామని. అక్కడి కుర్రాడు మిషన్ విప్పి, కాసేపు చార్జింగ్ పెట్టి, బ్యాటరీకి మీటర్ ముల్లులు ఆనించాడు. 4.1 వోల్టులు చూపించింది, అంటే దాదాపు నిండినట్టే. కప్పులో కాసిని నీళ్లు పోసి ఆన్ చేశాడు. పొగ దారంలా వచ్చింది. కప్పు విడదీసి, మధ్యలో ఉన్న గుండ్రటి జాలీని వెలుతురుకు పట్టి నాకు చూపించాడు. దాని మీద పల్చటి తెల్లపొర. "అన్నా, బ్యాటరీ మంచిగనే ఉంది. మార్చమంటే మారుస్త గానీ పైసలు దండగ. ముందు ఈ జాలీ సాఫ్ చేస్కో" అన్నాడు.

అప్పటి నుంచి ఈ మిషన్ గురించి నేను నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇంట్లో ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లో పిల్లలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈరోజు చార్జింగ్ ఎంతసేపు వస్తుందన్నది చాలావరకు జాలీ శుభ్రం మీద ఆధారపడి ఉంటుంది. బ్యాటరీ ఎన్నేళ్లు బతుకుతుందన్నది వేడి మీద, మీరు దాన్ని ఎంత నిండుగా ఉంచుతారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండూ వేరు వేరు సంగతులు, వాటికి మందులూ వేరే.

మొదటి అడుగు: మీ చేతిలో ఉన్నది ఏ మిషన్?

మన దుకాణాల్లో వేపరైజర్ అంటే ఆవిరి పట్టుకునేది ఇస్తారు. అది ప్లగ్గుకు పెట్టి వాడేది, బ్యాటరీతో నడిచే వస్తువు కాదు. ఎందుకో లెక్క చూడండి. 100 మిల్లీలీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరుగు దాకా తేవడానికే దాదాపు 8 వాట్-అవర్ల కరెంటు కావాలి (ఒక వాట్ చొప్పున గంటసేపు లాగితే ఒక వాట్-అవర్). ఆ తర్వాత ఆవిరిగా మార్చడానికి ఇంకా చాలా కావాలి. చేతి మిషన్‌లో పట్టే చిన్న బ్యాటరీ దానికి చాలదు. ఇక పొగతాగే వేప్, ఈ-సిగరెట్ల సంగతి నేను మాట్లాడటం లేదు. వాటి అమ్మకాన్ని మన దేశంలో 2019లో చట్టం చేసి నిషేధించారు.

నెబ్యులైజర్లలో బల్ల మీద పెట్టి బుర్రుమని చప్పుడు చేసేది కంప్రెసర్ రకం. గాలిని నెట్టే మోటారు ఉంటుంది కాబట్టి కరెంటు బాగా తింటుంది. చేతిలో పట్టుకునే, దాదాపు చప్పుడు లేని చిన్నది మెష్ రకం. మందు కప్పు ముందు భాగంలో పల్చటి లోహపు జాలీ ఉంటుంది. దానికి కంటికి కనిపించని వేల రంధ్రాలు. వెనక ఉన్న పీజో పలక (కరెంటు ఇస్తే అదిరేది) ఆ జాలీని సెకనుకు లక్షసార్లకు పైగా అదిలిస్తుంది. మందు ఆ రంధ్రాల్లోంచి సన్నటి తుంపరై బయటికొస్తుంది. వేడి చేయడం అనేదే లేదు. అందుకే ఒకటి రెండు వాట్లతో పని జరిగిపోతుంది. నేను రాసేది ఈ మెష్ రకం గురించే.

మిషన్ తిరగేసి చూడండి. వెనక మూత తీస్తే పెన్సిల్ సెల్స్ పడతాయా, లేక చార్జింగ్ పిన్ను మాత్రమే ఉందా? రెండోది అయితే లోపల లిథియం బ్యాటరీ ఉన్నట్టు. ఎక్కువ ఇళ్లలో ఇప్పుడు ఉన్నది అదే.

రెండో అడుగు: టైం చూసి రాసుకోండి

ఇది చాలామంది చేయని పని. నేనైతే అన్నిటికంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

మిషన్ కొత్తగా ఉన్నప్పుడు, లేదా శుభ్రం చేసిన వెంటనే, కప్పులో 2 మిల్లీలీటర్ల సెలైన్ పోయండి. మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం సెలైన్ చాలు. సిరంజితో కొలిచి పోస్తే లెక్క సరిగ్గా వస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఆన్ చేయండి. తుంపర పూర్తిగా ఆగేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మంచి కండిషన్‌లో ఉన్న మెష్ మిషన్ నిమిషానికి 0.25 మిల్లీలీటర్ల లెక్కన పంపిస్తే 2 మిల్లీలీటర్లకు 8 నిమిషాలు. మీ మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీ నంబర్ ఏదైనా అదే మీకు కొలబద్ద.

నెలకోసారి ఇదే పరీక్ష మళ్లీ పెట్టండి. 8 నిమిషాల పని 11 నిమిషాలైతే జాలీ మూసుకుంటోందని అర్థం. 16 అయితే అప్పటికే ఆలస్యం చేశారు. జగదీశ్ మార్కెట్ నుంచి వచ్చిన రోజు నేను మా మిషన్‌కు ఈ పరీక్ష పెడితే 17 నిమిషాలు పట్టింది. వారం రోజులు జాలీ సంగతి చూసుకున్నాక అదే మిషన్, అదే బ్యాటరీ, 9 నిమిషాలకు వచ్చింది.

దీనికీ బ్యాటరీకీ సంబంధం ఏమిటంటే, జాలీ మూసుకుపోయినా మిషన్ లాగే కరెంటు పెద్దగా తగ్గదు. పలక అదురుతూనే ఉంటుంది, మందు మాత్రం బయటికి రాదు. లోపల 3.7 వోల్టుల 1000 ఎంఏహెచ్ (అంటే ఒక ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉందనుకోండి. అంటే 3.7 వాట్-అవర్లు. మిషన్ 2 వాట్లు లాగితే, మధ్యలో పోయే నష్టాలు తీసేసి గంటన్నర నడుస్తుంది. డోసుకు పది నిమిషాలైతే ఒక చార్జింగ్‌కు తొమ్మిది డోసులు. జాలీ సగం మూసుకుపోయి డోసుకు ఇరవై నిమిషాలు పడితే నాలుగే డోసులు. బ్యాటరీ పాడైందని మనం అనుకునేది ఇక్కడే.

ఆ ఖర్చయ్యేది కరెంటు ఒక్కటే అయితే ఇంతగా చెప్పను. ఆయాసపడే మనిషి మాస్క్ పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చోవాలి. పిల్లలు కూర్చోరు. పెద్దవాళ్లు అలసిపోయి మధ్యలో తీసేస్తారు. లోపలికి వెళ్లాల్సిన మందు కప్పులో మిగిలిపోతుంది.

మూడో అడుగు: జాలీ శుభ్రం

జాలీ ఎందుకు మూసుకుంటుందో తెలిస్తే ఏం చేయాలో అదే అర్థమవుతుంది. రెస్ప్యూల్స్‌లో (ఒక్కో డోసు మందు ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) వచ్చే మందులన్నీ ఒకలాంటివి కావు. ఊపిరి దారులు తెరిచే లెవోసాల్బ్యుటమాల్ లాంటివి నీళ్లలో పూర్తిగా కరిగి తేటగా ఉంటాయి. వాపు తగ్గించే బ్యుడెసోనైడ్ అలా కాదు. అది నీళ్లలో తేలే సన్నటి పొడి, అందుకే పాలలా తెల్లగా కనిపిస్తుంది, వాడే ముందు కలపమంటారు. ఆ పొడి రేణువులు జాలీ దగ్గర చేరి, ఆరిపోయి, గట్టిపడతాయి. మా అమ్మకు రోజూ వాడేది అదే. మేం వాడాక కప్పు తుడిచి డబ్బాలో పెట్టేసేవాళ్లం. ఆ తెల్లపొర అక్కడి నుంచే వచ్చింది.

డోసు అయిన వెంటనే, మందు ఆరకముందే ఇది చేయాలి. కప్పులో మిగిలిన చుక్కలు పారబోయండి. శుభ్రమైన నీళ్లతో ఒకసారి కడిగి, రెండు మూడు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, మాస్క్ తీసేసి, ఒకటి రెండు నిమిషాలు నడపండి. తుంపర జాలీలోంచి వెళ్తూ లోపలి మందును కడిగేస్తుంది. మిగిలిన నీళ్లు పారబోసి, కప్పు విడదీసి, శుభ్రమైన బట్ట మీద గాలికి ఆరబెట్టండి. దీనికి రెండు నిమిషాల చార్జింగ్ ఖర్చవుతుంది నిజమే. డోసుకు పది నిమిషాలు మిగిలేది ఆ రెండు నిమిషాల వల్లే. కరెంటు ఉన్నప్పుడైతే చార్జర్‌కు తగిలించి ఈ పని కానివ్వండి, మీ మోడల్ ప్లగ్గు మీద నడిచేదైతే.

నీళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లకు బోరు నీళ్లే దిక్కు. బకెట్ అంచున, గీజర్ లోపల తెల్లగా పేరుకునే ఉప్పు ఆ జాలీ రంధ్రాల్లో కూడా పేరుకుంటుంది. నల్లా నీళ్లు, బోరు నీళ్లు పోసి మిషన్ నడపొద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ కోసం డబ్బాల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ కూడా వద్దు. అది మనిషి పీల్చే వస్తువులో పోయడానికి తయారుచేసింది కాదు. మెడికల్ షాపులో అడిగి తీసుకోండి. సెలైన్‌తో టైం పరీక్ష పెట్టినప్పుడు కూడా చివర్లో డిస్టిల్డ్ వాటర్ నడపండి. సెలైన్ ఆరితే మిగిలేది ఉప్పే.

వారానికోసారి లోతుగా శుభ్రం చేయాలి. ఇక్కడ మీ మిషన్‌తో వచ్చిన పుస్తకం చెప్పిందే చేయండి. ఎందుకంటే కొన్ని కప్పులు నీళ్లలో మరిగించొచ్చు, కొన్నిటిని మరిగిస్తే ప్లాస్టిక్ వంగి జాలీ వదులవుతుంది. కొన్ని కంపెనీలు తెల్ల వెనిగర్ ఒక వంతుకు నీళ్లు మూడు వంతులు కలిపి కాసేపు నడపమంటాయి. అలా చేస్తే కిటికీ దగ్గర చేయండి, పేషెంట్ ఆ గదిలో ఉండకూడదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు నడిపి, వాసన పూర్తిగా పోయాకే మందు పోయండి.

జాలీని వేలితో తాకొద్దు. ఇయర్‌బడ్, బ్రష్, పిన్నీసు ఏదీ వద్దు. దూది పోగు ఒక్కటి చిక్కుకున్నా చాలు. ఇంకోటి, కప్పు మిషన్‌కు తగిలేచోట బంగారు రంగులో రెండు చిన్న చుక్కలు కనిపిస్తాయి. జాలీకి కరెంటు వెళ్లేది వాటి ద్వారానే. మందు కారి అక్కడ జిగటపడితే మిషన్ ఆన్ అవుతూ ఆగుతూ ఉంటుంది. కొద్దిగా తడిపిన మెత్తటి బట్టతో తుడిచి ఆరనివ్వండి. మిషన్ బాడీని మాత్రం నల్లా కింద పెట్టొద్దు.

ఇంత చేసినా టైం తగ్గకపోతే జాలీ అరిగిపోయిందని ఒప్పుకోండి. అది మార్చుకోవాల్సిన భాగమే. అందుకే కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, మందు కప్పు విడిగా దొరికే మోడలే తీసుకోండి. తక్కువ ధరకు వస్తుందని పేరూ ఊరూ లేని మిషన్ కొంటే, ఏడాది తర్వాత జాలీ దొరక్క మొత్తం పారేయాలి.

నాలుగో అడుగు: పట్టుకునే తీరు

చిన్న విషయం, కానీ డోసుకు రెండు మూడు నిమిషాలు దీంట్లో పోతాయి. మందు జాలీని తాకుతూ ఉంటేనే తుంపర వస్తుంది. మంచం మీద వాలుగా పడుకున్న మనిషికి మిషన్ వెనక్కి వంచి పెడితే మందు కప్పు వెనక్కి చేరి, జాలీ ఊరికే అదురుతుంది. దిండ్లు పెట్టి మనిషిని కూర్చోబెట్టండి, మిషన్ కొద్దిగా ముందుకు వంగి ఉండనివ్వండి. పొగ ఉన్నట్టుండి తగ్గితే జాలీకి గాలి బుడగ అంటుకుందేమో చూడండి. ఆపి, మెల్లగా కదిపితే వదిలిపోతుంది. చివరి నాలుగు చుక్కల కోసం ఐదు నిమిషాలు నడపక్కర్లేదు. తుంపర తెగి తెగి వస్తుంటే డోసు అయినట్టే. బ్యాటరీ మిగులుద్దామని మందు తగ్గించి పోయడం, సగంలో ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మందు ఎంత అనేది డాక్టర్ గారు చెప్పాలి.

ఐదో అడుగు: చార్జింగ్

"పూర్తిగా అయిపోయేదాకా వాడి, అప్పుడు పెట్టాలి" అని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పాత నికెల్ కాడ్మియం సెల్స్ రోజుల్లో ఆ మాటకు అర్థం ఉంది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీలను మార్కెట్‌లోకి తెచ్చింది. వీటి స్వభావం పూర్తిగా వేరు. వీటికి అడుగంటా ఖాళీ చేయడమే దెబ్బ. కొంచెం వాడి కొంచెం నింపడమే మంచిది.

నిండిన సెల్ 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. 3 వోల్టుల దరిదాపుల్లోకి దిగితే ఖాళీ. ఈ రెండు చివర్లలోనూ సెల్ లోపల ఒత్తిడి ఎక్కువ. రోజూ 100 నుంచి సున్నా దాకా వాడితే 300 నుంచి 500 సార్లు నింపేసరికి సామర్థ్యం 80 శాతానికి పడిపోవడం మామూలు. 80కి, 30కి మధ్య తిప్పితే అంతకంటే చాలా ఎక్కువకాలం నిలుస్తుంది.

చిక్కేమిటంటే ఫోన్‌లోలాగా ఈ మిషన్లు శాతం చూపించవు. పచ్చ లైటు, ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వచ్చేసరికి మీరు అడుగుకు చేరిపోయినట్టే. అందుకే డోసులు లెక్కపెట్టండి. మా మిషన్ నిండుగా ఉంటే ఎనిమిది డోసులు వస్తుంది, పూర్తిగా నిండడానికి రెండు గంటలు పడుతుంది. కాబట్టి నాలుగు డోసులు అయ్యాక గంట సేపు పెడతాం. కప్పు పక్కన చిన్న నోట్‌బుక్ ఉంది, అమ్మే గీతలు గీస్తుంది. నాలుగు డోసులకు నాలుగు గీతలు, చార్జింగ్ పెట్టినప్పుడు ఐదోది అడ్డంగా.

ఈ 80 శాతం నియమాన్ని మేం పక్కన పెట్టే రోజులు కూడా ఉన్నాయి. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు, ఆకాశం మబ్బు పట్టినప్పుడు, దీపావళి రాత్రి, ఊరికి బయల్దేరే ముందు, నిండా పెట్టేస్తాం. బ్యాటరీ ఆర్నెల్లు ముందే పోయినా ఫర్వాలేదు, రాత్రి రెండింటికి మిషన్ ఆగకూడదు. మిగతా రోజుల్లో పొదుపు చేసేదే ఆ రాత్రి కోసం.

చార్జర్ ఎంత పెద్దదైనా భయం అక్కర్లేదు, మిషన్ తనకు కావాల్సినంతే లాక్కుంటుంది. భయపడాల్సింది నాసిరకం చార్జర్‌కు. ఫుట్‌పాత్ మీద దొరికే డూప్లికేట్‌లో వోల్టేజి నిలకడగా ఉండదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉన్నది తీసుకోండి. పాత ఫోన్‌తో వచ్చిన 5 వోల్టులు, 1 ఆంపియర్ చార్జర్ ఇంట్లో ఉంటే అంతకంటే మంచిది లేదు. మెల్లగా నింపుతుంది, వేడెక్కదు.

టైప్-సీ పిన్ను ఉన్న కొన్ని మిషన్లు రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో అస్సలు చార్జ్ కావు. లోపల ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు ఖర్చు తగ్గించడానికి పెట్టకపోవడం వల్ల చార్జర్ దాన్ని గుర్తుపట్టదు. లైటు వెలగకపోతే బ్యాటరీ చచ్చిపోయిందని కంగారు పడకండి. ఒక చివర పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో ప్రయత్నించండి.

రాత్రంతా ప్లగ్గుకు వదిలేయడం, దిండు కింద, దుప్పటి మీద పెట్టి చార్జ్ చేయడం వద్దు. గట్టి బల్ల మీద, గాలి తగిలేచోట పెట్టండి.

ఆరో అడుగు: మన ఎండ

ఈ ఊళ్లో బ్యాటరీకి అసలు శత్రువు ఇదే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఎండలో నిలిపిన కారు అద్దాలు మూసి ఉంటే లోపల 60 డిగ్రీలు దాటేస్తుంది. నేనే ఒక మధ్యాహ్నం మిషన్‌ను డ్యాష్‌బోర్డ్ అరలో మరిచిపోయి పెళ్లి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఆ తర్వాత తొమ్మిది డోసుల మిషన్ ఎనిమిదికి దిగింది, జాలీ శుభ్రంగా ఉన్నా మళ్లీ తొమ్మిదికి చేరలేదు.

వేడికి సెల్ లోపలి ద్రావణం చర్య జరిపి పలకల మీద పొరలా పేరుకుంటుంది. గిన్నె అడుగున గార కట్టినట్టు. ఆ పొరలో చిక్కుకున్న లిథియం ఇక పనిచేయదు. నిండుగా ఉన్న బ్యాటరీలో ఈ చర్య ఇంకా జోరుగా సాగుతుంది. బ్యాటరీ నిపుణులు తరచూ చెప్పే అంకెలు చూడండి. వాడకుండా ఏడాది పక్కన పెట్టిన లిథియం బ్యాటరీ 40 శాతం చార్జ్‌తో 25 డిగ్రీల్లో ఉంటే పోయేది 4 శాతం సామర్థ్యం. అదే నిండుగా 40 డిగ్రీల్లో ఉంటే పోయేది 35 శాతం. వస్తువు అదే, తేడా అంతా దాన్ని ఎక్కడ, ఎంత నింపి పెట్టామన్నదే.

కాబట్టి కారులో వదలొద్దు, బండి డిక్కీలో అసలే వద్దు. పై అంతస్తు ఇళ్లలో, రేకుల గదుల్లో పడమటి కిటికీ గూట్లో పెట్టొద్దు. టీవీ మీద, వైఫై డబ్బా మీద, ఫ్రిజ్ పైన పెట్టే అలవాటు మానండి, అవన్నీ వెచ్చగా ఉండే చోట్లే. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గది ఏదో మీకు తెలుసు, ఆ గదిలో గోడ అలమరా కింది అర చాలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే లోపల చెమ్మ పట్టి సర్క్యూట్ పాడవుతుంది.

ఎండలోంచి ఇంటికి తెచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. 45 డిగ్రీలు దాటిన సెల్‌ను చార్జ్ చేయడం మంచిది కాదు. ఫ్యాన్ కింద అరగంట ఉంచి, చేతికి చల్లగా తగిలాక పెట్టండి. వేసవిలో మేం తెల్లవారుజామునే చార్జింగ్ పెడతాం, అప్పటికి ఇల్లు కాస్త చల్లబడి ఉంటుంది.

ఏడో అడుగు: వాడని నెలల్లో

కొంతమందికి ఆయాసం చలికాలంలోనో, వయ్యారిభామ పూతకొచ్చినప్పుడో మాత్రమే వస్తుంది. మిగతా నెలల్లో మిషన్ డబ్బాలో పడి ఉంటుంది. లోపల పెట్టే ముందు సగం చార్జ్ చేసి, కప్పు పూర్తిగా ఆరబెట్టి, విడదీసి పెట్టండి. ఖాళీగా పెడితే తనంతట తానే ఇంకా దిగిపోయి, ఇక ఎప్పటికీ చార్జ్ తీసుకోని స్థితికి చేరొచ్చు. రెండు నెలలకోసారి తీసి, ఒక నిమిషం నడిపి, మళ్లీ సగానికి నింపండి. మాకు అమావాస్య గుర్తు. ఒక అమావాస్య విడిచి ఇంకో అమావాస్యకు అమ్మే గుర్తుచేస్తుంది.

పెన్సిల్ సెల్స్ వాడే మిషన్లకు ఇదంతా అక్కర్లేదు. వాడని రోజుల్లో సెల్స్ బయటికి తీసి పెట్టండి, కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి. గడియారంలో వేసే చవక సెల్స్ కాకుండా ఆల్కలైన్ వేయండి. చార్జబుల్ కావాలంటే నికెల్ మెటల్ హైడ్రైడ్, మీ మిషన్ పుస్తకం ఒప్పుకుంటేనే. వాటి వోల్టేజి 1.2 మాత్రమే కాబట్టి కొన్ని మిషన్లు ముందే ఎర్ర లైటు చూపిస్తాయి. పాతదీ కొత్తదీ కలిపి వేయొద్దు.

ఎనిమిదో అడుగు: కరెంటు పోయినా, ఊరెళ్లినా

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి నెబ్యులైజర్ కోసమే పక్కన పెట్టుకోండి. ఫోన్లకు వాడి ఖాళీ చేసేది కాదు. దాంట్లో 37 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోను మా మిషన్‌ను ఆరేడుసార్లు నింపుతుంది. ముందుగా ఒకసారి పరీక్షించి చూడండి. కొన్ని పవర్ బ్యాంకులు లాగే కరెంటు మరీ తక్కువగా ఉంటే ఫోన్ నిండిపోయిందనుకుని ఆగిపోతాయి. చార్జింగ్ మధ్యలో లైటు ఆరిపోతుంటే కారణం అదే, మిషన్ తప్పు కాదు.

శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో వేయకూడదు. మిషన్ కూడా చేతి సంచిలోనే పెట్టుకోండి, దారిలో అవసరం పడేది అదే కదా.

బ్యాటరీ ఎంత బాగున్నా దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. డాక్టర్ గారిని అడిగి ఇన్‌హేలర్, స్పేసర్ రాయించుకుని ఇంట్లో ఉంచండి. దానికి కరెంటు అక్కర్లేదు, ఎలా వాడాలో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. మందు పెట్టినా ఊపిరి అందకపోయినా, మాట తెగిపోతున్నా, పెదాలు నీలంగా మారినా మిషన్‌తో కుస్తీ పట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

చివరి అడుగు: బ్యాటరీ నిజంగానే పోయినప్పుడు

టైం పరీక్షలో జాలీ బాగుందని తేలి, కేబుల్ మార్చి చూసి, నిండా చార్జ్ చేసినా డోసులు సగానికి సగం పడిపోతే అప్పుడు బ్యాటరీ ముసలిదైందని అర్థం. వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. బయట మార్పించాల్సి వస్తే పాతది ఎన్ని వోల్టులో అన్నే వోల్టులు, అదే సైజు, రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ వేయమనండి. సెల్ మీద ఐఎస్ 16046 (బ్యాటరీ భద్రత ప్రమాణం) ముద్ర ఉందేమో మీ కళ్లతో చూడండి. పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోంచి తీసిన సెల్స్ వేస్తామంటే వద్దని చెప్పండి.

మిషన్ వెనక భాగం ఉబ్బినట్టుగా, మూత అతుకు దగ్గర సందు తెరుచుకున్నట్టుగా కనిపిస్తే ఆ క్షణం నుంచి చార్జింగ్ ఆపేయండి. నొక్కొద్దు, గుచ్చొద్దు. పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, ఇంటి బయట ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా ఉంచండి. తడి చెత్త, పొడి చెత్త డబ్బాల్లో మాత్రం వేయకండి. చెత్త ఆటోలో నలిగితే మంటలు లేస్తాయి, అక్కడ పనిచేసేవాళ్ల చేతులు కాలతాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే. సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇవ్వండి, లేదా అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి చేర్చండి. ఇచ్చే ముందు మందు కప్పు విడదీసి మీ దగ్గరే పెట్టుకోండి. జాలీ బాగుంటే, అదే మోడల్ మళ్లీ కొన్నప్పుడు అది స్పేర్‌గా పనికొస్తుంది.